షేర్‌పాయింట్ మార్చబోతున్న మేనకోడలికి

అమ్మాయ్,

మీ భీమవరం ఆఫీసులో అందరూ ఫైళ్లూ, ఫారాలూ పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్ 2013ని, దాని కొత్త వెర్షన్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి మార్చే పని నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. కాకపోతే మీ మేనేజరుగారు "శని, ఆదివారాల్లో అయిపోతుందిగా" అంటే మాత్రం తల ఊపెయ్యకు. ఒక కాపీ మీద మొదటి నుంచి చివరిదాకా ఓసారి చేసి చూశాకే ఎన్ని గంటలు పడుతుందో చెప్పు.

2013 నుంచి నేరుగా అక్కడికి వెళ్లడం కుదరదు. కొత్తది 2016, 2019 డేటాబేసులనే తీసుకుంటుంది. కాబట్టి ముందు 2016కి ఎక్కించి, అక్కణ్నుంచి కొత్తదానికి వెళ్లాలి. 2016కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2026 జులై 14 వరకే. "ఇక్కడే ఆగిపోదాం" అని ఎవరన్నా ఒప్పుకోకు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2010 నాటి సైట్లు కొన్ని 2013లోనూ పాత రూపంలోనే నడుస్తుంటాయి. పని చేస్తున్నాయి కదా అని వాటి జోలికి ఎవరూ వెళ్లరు. ఆ పాత 2010 రూపాన్నే కంపాటిబిలిటీ లెవెల్ 14 అంటారు, 2013 రూపం 15. లెవెల్ 14లో ఒక్క సైటున్నా ఆ డేటాబేసును 2016 తీసుకోదు. ముందే వెతికి 15కి పెంచు. ఆపైన టెస్ట్-ఎస్‌పీకంటెంట్‌డేటాబేస్ కమాండ్ నడుపు. అది దేన్నీ మార్చదు, కొత్త సర్వర్లో ఏమేం లేవో చెబుతుందంతే. ఎప్పుడో ఏ కాంట్రాక్టరో రాసిచ్చి వెళ్లిపోయిన వెబ్ పార్టులన్నీ (పేజీల్లో అతికించే చిన్న ప్రోగ్రాములు) అక్కడ బయటపడతాయి. ఒక్కో ఎర్రర్ దగ్గరా ఆగి, ఇది ఇప్పుడెవరైనా వాడుతున్నారా అని అడుగు. రొయ్యల లాట్లు నమోదు చేసే ఫారమైతే దాని సొల్యూషన్, అంటే ఆ ఫారం కోడ్ ప్యాకేజీని, కొత్త సర్వర్లో ఎక్కించక తప్పదు. ఏనాటిదో పిక్నిక్ ఫొటోల పేజీ అయితే అడిగి తీసేయ్. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్, డేటాబేసు తేలికవుతుంది.

ఎండాకాలం కాలువ కట్టేశాకే పూడిక తీసినట్టు, పాత డేటాబేసును రీడ్-ఓన్లీ చేశాకే ఆఖరి బ్యాకప్ తియ్యి. లేకపోతే మధ్యలో ఎవరో పెట్టిన ఇన్‌వాయిస్ పాతదాంట్లోనే ఉండిపోతుంది. ఆఫీసు ఖాళీగా ఉంటుంది కదా అని సంక్రాంతి మూడు రోజులూ ఎంచుకోకు. ఏదైనా ఆగితే ఫోనెత్తే నాథుడుండడు. మీ నెట్‌వర్క్ కుర్రాడు ఏ కోడిపందేల బరి దగ్గరో ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే "ఫైళ్లు పోయాయి" అని ఫోన్లు మొదలవుతాయి. ఎక్కడికీ పోవు. వెతుకులాటకి వాడే జాబితా, అదే సెర్చ్ ఇండెక్స్, పాతదాంతో రాదు. కొత్త సర్వర్ ఫైళ్లన్నీ మళ్లీ చదివి దాన్ని తయారుచేసుకునే ఫుల్ క్రాల్ అయ్యేదాకా వెతికినా దొరకవు. ఈ సంగతి ముందురోజే అందరికీ మెయిల్ పెట్టు. పర్మిషన్లు నీ లాగిన్‌తో చూసుకుని సరేననుకోకు. అడ్మిన్‌వి కాబట్టి నీకన్నీ కనిపిస్తాయి. ఎగుమతి కాగితాలు చూసేవాళ్లనీ, అకౌంట్స్‌లో ఒకరినీ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల లాగిన్‌తోనే తెరిపించు.

కరెంటు దండగని పాత సర్వర్ వెంటనే ఆపేయమంటారు. కొత్తదాని మీద ఒక నెలాఖరు లెక్కలు పూర్తయ్యేదాకా ఆపనివ్వకు. టెస్ట్ రిపోర్టు రాగానే నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మావయ్య