ట్రంక్ పోర్టు నుంచి వీలాన్ 30 తీసేయడం

మీ సిస్కో స్విచ్‌లో ట్రంక్ పోర్టు (చాలా వీలాన్‌లను, అంటే విడివిడిగా విభజించిన నెట్‌వర్క్‌లను, ఒకే లింకు మీద మోసే పోర్టు) నుంచి వీలాన్ 30ని తీయాలని 'నో స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్' కొట్టాక 30 పోకపోగా అన్ని వీలాన్‌లూ వచ్చాయన్నారు కదండీ. ఆ 'నో' అనుమతించిన వీలాన్‌ల జాబితానే ఎత్తేస్తుంది, పోర్టు డీఫాల్ట్‌కి వెళ్తుంది. డీఫాల్ట్ అంటే అన్నిటికీ అనుమతే.

ముందు మీకు కావలసిన జాబితా మొత్తం మళ్ళీ ఇవ్వండి, ఉదాహరణకు 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 10,20'. ఇక మీదట ఒక్కటే తీయాలంటే 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ రిమూవ్ 30' చాలు. కొత్తది చేర్చేటప్పుడు 'యాడ్' మరిచిపోతే పాత జాబితా పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. మిగతా వీలాన్‌ల ట్రాఫిక్ తెగిపోతుంది, జాగ్రత్త.

మీరు లాగిన్ అయింది ఈ ట్రంక్ మీదుగానే అయితే, పై మార్పులు చేయకముందే కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగులు) సేవ్ చేసి 'రీలోడ్ ఇన్ 10' పెట్టండి. కనెక్షన్ తెగినా పది నిమిషాల తర్వాత స్విచ్ రీబూట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్', తర్వాతే సేవ్. అవతలి స్విచ్‌లోనూ 30 తీయండి, లేదంటే అది వీలాన్ 30 ఫ్రేములు (డేటా ముక్కలు) పంపుతూనే ఉంటుంది. 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్'తో రెండు వైపులా సరిచూసుకోండి.