గుత్తి కోట ఎక్కేవాళ్లు కేదార్‌కంఠ ఎక్కగలరా?

కాళ్ల వరకైతే ఢోకా లేదు, చిక్కంతా ఊపిరితోనే. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు కూడా ఉండదు. అనంతపురంలో ఎంత పరిగెత్తినా దానికి ఒళ్లు అలవాటు పడదు, పైకెళ్లాకే పడాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి మకాం ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తూలుతుంటే వెంటనే దిగిపోవాలి; మన సీమ మొండితనం అక్కడ పనికిరాదు. గుత్తిలో అసలు ప్రాక్టీస్ చేయాల్సింది దిగడం. వీపున బరువైన బ్యాగుతో, నెమ్మదిగా, ట్రెక్‌కి తీసుకెళ్లే బూట్లతోనే దిగండి. బొబ్బలేవో ఇక్కడే తేలిపోతాయి.