జపాన్ కొలువుకు రెండు రూపాయల వడ్డీ

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 28 ఏళ్లు. ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివాను. బీఏ, బీఎడ్ చేసి ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతున్నాను. జీతం 28 వేలు. అందులో 15 వేలు ఇంట్లో ఇస్తాను. నాన్నకు పింఛను లేదు, అమ్మకు మధుమేహం ఉంది. జపాన్‌లోని సైతామా ప్రాంతంలో ప్రభుత్వ పాఠశాలలకు ఇంగ్లిష్ సహాయ ఉపాధ్యాయులను పంపే ఒక సంస్థ, నెలకు 2,30,000 యెన్ల జీతంతో ఏడాది ఒప్పందం ఇస్తానంటోంది. ఏప్రిల్‌లో చేరాలి. ఈ నెల 20లోగా వారికి జవాబు చెప్పాలి. ఒప్పందం ప్రతి జత చేశాను. ఈ ఉద్యోగం చూపిన కన్సల్టెన్సీకి 3.5 లక్షలు కట్టాలి. అమ్మ బంగారం బ్యాంకులో పెట్టి 2.5 లక్షలు, తెలిసినవారి దగ్గర ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి 3.5 లక్షలు తెద్దామనుకుంటున్నాను. నా పొదుపు 1.4 లక్షలు ఇంట్లో ఇచ్చి వెళ్తాను. ఏడాదిలో అప్పు తీరిపోతుంది కదా? వెళ్లడం మంచిదేనా?

జవాబు: మీ ఉత్తరానికి వివరంగా సమాధానం రాయడానికి కారణం ఉంది. విదేశీ కొలువు వచ్చినవారు చాలామంది చేసే పొరపాటు ఇందులో స్పష్టంగా కనిపిస్తోంది. జీతాన్ని మారకం రేటుతో హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్ని ఆదాయంగా భావించి, ఆ ఊహ మీద అప్పు తెచ్చి, చేతిలో అత్యవసర నిధి ఒక్క రూపాయి కూడా లేకుండా విమానం ఎక్కడమే ఆ పొరపాటు. 100 యెన్లకు 57 రూపాయలు వేసుకుంటే 2,30,000 యెన్లు మన డబ్బులో 1.31 లక్షలు అవుతాయి. 28 వేలు తీసుకుంటున్నవారికి అది పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. కానీ ఆ జీతం మీకు యెన్లలో వస్తుంది, ఖర్చూ యెన్లలోనే అవుతుంది. చివరికి మిగిలినదానికే రూపాయల్లో విలువ కట్టాలి.

సంస్థ మిమ్మల్ని ఉద్యోగుల ఆరోగ్య బీమా, పింఛను పథకాల్లో చేర్చిందనుకుంటే, పింఛనుకు దాదాపు 22 వేలు, ఆరోగ్య బీమాకు దాదాపు 12 వేలు, ఆదాయపు పన్నుకు, ఉపాధి బీమాకు మరో 6 వేలు పోయి సుమారు 1,90,000 యెన్లు చేతికి వస్తాయి. సైతామాలో చిన్న గదికి 55 వేలు, కరెంటు, గ్యాస్, నీరు, ఫోన్, ఇంటర్నెట్‌కు 18 వేలు, వంట చేసుకుని తిన్నా భోజనానికి 40 వేలు, తక్కిన అవసరాలకు 22 వేలు వేస్తే నెల ఖర్చు 1,35,000 యెన్లు. మిగిలేది 55 వేలు. ఆ లెక్కన ఏడాదికి 6.6 లక్షల యెన్లు మిగలాలి, కానీ మీరు జత చేసిన ఒప్పందంలో ఆగస్టు సెలవుల నెలకు 60 శాతం జీతమే ఇస్తామని ఉంది. అక్కడ దాదాపు 90 వేలు తగ్గుతాయి. శీతాకాలపు దుస్తులు, డబ్బు పంపే రుసుములు, ఒకటి రెండు అనుకోని ఖర్చులకు 70 వేలు తీసేస్తే ఏడాది చివర 5 లక్షల యెన్లు, అంటే 2.85 లక్షల రూపాయలు నిలుస్తాయి.

ఇక అప్పు సంగతి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3.5 లక్షల మీద నెలకు 7 వేలు, ఏడాదికి 84 వేలు. బంగారం మీద 10 శాతం వేసుకుంటే మరో 25 వేలు. మొత్తం 1.09 లక్షలు వడ్డీకే పోతాయి. ఇంటికి మీరు పంపే 15 వేలు ఆగకూడదు. అది ఏడాదికి 1.8 లక్షలు. రెండూ కలిపితే 2.89 లక్షలు. మీకు మిగిలేది 2.85 లక్షలు. ఒక్క రోజు కూడా జ్వరం రాకుండా, ఒక్క నెల జీతం కూడా ఆలస్యం కాకుండా ఏడాది గడిచినా, అసలులో రూపాయి తీరకపోగా వడ్డీకే 4 వేలు తక్కువ పడతాయి. ఏడాదిలో అప్పు తీరుతుందన్న మీ లెక్క కాగితం మీద కూడా నిలవదు. రెండో ఏడాది ఇంకా బిగువుగా ఉంటుంది. జపాన్‌లో స్థానిక నివాస పన్నును ముందు ఏడాది ఆదాయం ఆధారంగా జూన్ నుంచి వసూలు చేస్తారు కాబట్టి మొదటి ఏడాది కనిపించని ఆ పన్ను తరువాత నెలనెలా జీతంలోంచి పోతుంది. యెన్ విలువ కూడా నిలకడగా లేదు: 2020లో 100 యెన్లకు 70 రూపాయల దాకా వచ్చేవి, 2024 జూలైలో 52కి దగ్గరగా పడిపోయాయి. మీ అప్పు మాత్రం రూపాయల్లోనే ఉంటుంది, పైసా తగ్గదు.

అసలు మొదటి జీతం వచ్చేదాకా మీరు ఎలా గడుపుతారో నాకు అర్థం కాలేదు. ఏప్రిల్ పనికి జీతం మే చివర ఇస్తామని ఒప్పందంలో రాసి ఉంది. మీరు తెచ్చే 6 లక్షల్లో కన్సల్టెన్సీకి 3.5 లక్షలు, టికెట్టు, వీసా, సామానుకు 70 వేలు పోతే 1.8 లక్షలు, అంటే 3.15 లక్షల యెన్లు చేతిలో ఉంటాయి. అక్కడ అద్దె ఇల్లు తీసుకుంటే ధరావతు, ఇంటి యజమానికి తిరిగి రాని కానుకగా ఇచ్చే ఒక నెల అద్దె, మధ్యవర్తి రుసుము, హామీ సంస్థ రుసుము, మొదటి నెల అద్దె కలిపి 55 వేల గదికి 2.5 లక్షల యెన్లు దాటడం సాధారణం. ఇక మిగిలిన 55, 60 వేల యెన్లతో రెండు నెలలు తినాలి, మే నెల అద్దె కట్టాలి, బడికి వెళ్లి రావాలి. అక్కడ మీకు అప్పు ఇచ్చేవారు ఎవరూ ఉండరు. ఉంటే అది ఇంకో ఉచ్చు. ఇంట్లో ఇచ్చి వెళ్తానన్న 1.4 లక్షలు కూడా మీరు డబ్బు పంపలేని ఆ మొదటి నెలల్లోనే కరగడం మొదలవుతుంది. అమ్మగారికి ఒక్కసారి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం పడితే ఆ సొమ్ము ఎన్ని రోజులు వస్తుందో మీకు తెలుసు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు అత్యవసర నిధి గురించే అడుగుతాను. సొంత ఊరిలో ఉద్యోగం పోతే ఇంటి భోజనం ఉంటుంది. పరాయి దేశంలో ఏడాది ఒప్పందం మీద ఉన్నవారికి ఉద్యోగంతోపాటు గది, వీసా హోదా కూడా ఊగిసలాడతాయి. జపాన్‌లో కొలువు మానితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్ కార్యాలయానికి తెలియజేయాలి. హోదాకు తగిన పని లేకుండా సరైన కారణం చూపకుండా మూడు నెలలు ఉంటే ఆ హోదాను రద్దు చేసే వీలుంది. తనంతట తాను మానుకున్నవారికి ఉపాధి బీమా భృతి రావాలంటే సాధారణంగా అంతకుముందు రెండేళ్లలో 12 నెలలు బీమాలో ఉండాలి. మొదటి ఏడాదిలో మీకు ఆ అండ ఉండదు. సంస్థ పెద్దదైతే భయం లేదనుకోకండి. జపాన్‌లో ఇంగ్లిష్ బోధనలో అతిపెద్ద పేరున్న నోవా 2007 అక్టోబరులో కుప్పకూలినప్పుడు వేలమంది విదేశీ ఉపాధ్యాయులకు జీతాలు నిలిచిపోయాయి, సంస్థ ఇప్పించిన గదులు ఖాళీ చేయాల్సిన పరిస్థితి కొందరికి వచ్చింది. ఆ రోజున నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉన్నవారు వేరే బడి వెతుక్కోగలిగి ఉంటారు. లేనివారికి మిగిలింది తిరుగు టికెట్టు కోసం తడుముకోవడమే.

ఇంకో విషయం మరింత ముఖ్యమైనది. నిధి లేకుండా అప్పుతో వెళ్లినవారు చెడ్డ ఉద్యోగాన్ని కూడా వదలలేరు. గల్ఫ్‌కూ తూర్పు దేశాలకూ వడ్డీ సొమ్ముతో వెళ్లినవారిని ఇన్నేళ్లలో ఎందరినో చూశాను. అదనపు గంటలు చేయించినా, జీతం కోసినా, చెప్పిన ఊరు కాక మరో ఊరికి పంపినా నోరు మెదపకుండా భరించారు, ఎందుకంటే ఊళ్లో ప్రతి నెలా వడ్డీ కట్టాల్సింది వాళ్ల తల్లిదండ్రులు. మీరు సంతకం చేయబోయే ప్రోనోటు కూడా అదే పని చేస్తుంది. ఈ మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లే ప్రయాణాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

మీకు కావలసిన నిధి ఎంతో చెబుతాను. జపాన్‌లో నాలుగు నెలల ఖర్చు 5.4 లక్షల యెన్లు, అంటే 3.1 లక్షలు, తిరుగు టికెట్టుకు 45 వేలు, ఇంట్లో ఆరు నెలలకు 90 వేలు. మొత్తం దాదాపు 4.5 లక్షలు. దిగగానే పెట్టాల్సిన ఖర్చు దీనికి అదనం. ఇంటి వాటా అమ్మగారి ఖాతాలో ఉండాలి. తక్కినదాంట్లో సగం అక్కడికి వెళ్లాక యెన్లలో, బ్యాంకులో ఉంచండి. రూపాయలు అవసరానికి చేరేసరికి రోజులు పట్టవచ్చు. ఈ నిధిలో అప్పు సొమ్ము ఒక్క రూపాయి కూడా కలవకూడదు.

కన్సల్టెన్సీ విషయానికి వస్తే, విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లు మన విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి, అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. మిమ్మల్ని అడుగుతున్నది దానికి దాదాపు పది రెట్లు ఉంది. వారి పేరు ఆ శాఖ నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి. జపాన్ చట్టం కూడా ఉద్యోగం వెతుక్కునేవారి నుంచి రుసుము వసూలు చేయడాన్ని సాధారణంగా అనుమతించదు. అక్కడి ఇమిగ్రేషన్ మీ పేరున అర్హత పత్రం ఇవ్వనిదే ఈ పనికి వీసా అడుగు ముందుకు పడదు. ఆ పత్రం రాకముందు ఎవరికీ డబ్బు కట్టవద్దు. మీ విషయంలో ఆ పత్రమే సందేహం. బడుల్లో విదేశీ భాష నేర్పే ఉపాధ్యాయ హోదాకు ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలన్న నిబంధన ఉంది. మీరు ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం అని రాశారు. పదో తరగతి దాకా 5, ఇంటర్ 2, డిగ్రీ 3, బీఎడ్ 2 కలిపితే సరిగ్గా 12 వస్తాయి. ఒక్క ఏడాది జారినా ఆగిపోవచ్చు. మన దగ్గర బీఎడ్‌ను తెలుగు మాధ్యమంలో చేసినవారు ఎంతమందో మీకు తెలుసు. ప్రతి విద్యాసంస్థ నుంచి బోధనా మాధ్యమ ధ్రువపత్రం తీసుకోండి. అవి లేకుండా 3.5 లక్షలు కడితే వీసా రాకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

జపాన్‌లో బోధించాలన్న మీ కోరికను నేను కాదనడం లేదు; ఈ ఏప్రిల్‌లో, ఈ అప్పుతో వద్దంటున్నాను. 1987లో మొదలైన జెట్ అనే జపాన్ ప్రభుత్వ కార్యక్రమం ఉంది. అందులో ఎంపికైతే ఏజెంటు రుసుము లేదు, విమాన ఖర్చు వాళ్లదే, 2025 ఏప్రిల్ నుంచి సహాయ ఉపాధ్యాయులకు మొదటి ఏడాది 40.2 లక్షల యెన్లు ఇస్తున్నారు. మీ ఒప్పందంలో వచ్చేది ఏడాదికి 27.6 లక్షలు, ఆగస్టు కోత తీసేస్తే ఇంకా తక్కువ. మన దేశం నుంచి ఏ విభాగానికి దరఖాస్తులు పిలుస్తున్నారో దిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయ ప్రకటనల్లో చూస్తూ ఉండండి. ఏజెంటు లేకుండా నేరుగా బోధనా సంస్థలకు రాయడమూ కష్టం కాదు. సాయంత్రాలు ఐఈఎల్‌టీఎస్ శిక్షణో, స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులో చెబితే నెలకు 12 వేలు అదనంగా వస్తాయనుకుందాం. ఇప్పటి మిగులులోంచి 8 వేలు కలిపితే రెండేళ్లలో 4.8 లక్షలు, మీ 1.4 లక్షలతో కలిసి 6.2 లక్షలు అవుతాయి. గది సంస్థే ఇచ్చే ఉద్యోగం దొరికితే నిధికీ, దిగగానే అయ్యే ఖర్చుకూ ఆ డబ్బు సరిపోతుంది, వడ్డీ లేదు. అప్పటికి మీ వయసు 30. బోధనకు అది ఎక్కువ కాదు.

బీమా గురించి ఒక్క మాట: అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ మీరు బయలుదేరే ముందే ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు కాబట్టి భారం కాస్త తగ్గింది. అక్కడి పింఛను చందాను తిరిగి వచ్చాక ఏకమొత్తంగా తీసుకునే వీలుంది. 2016 అక్టోబరు నుంచి భారత్, జపాన్‌ల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం ఉంది కనుక ఆ సొమ్ము తీసుకోకుండా, చందా కట్టిన కాలాన్ని పింఛను లెక్క కోసం నిలుపుకోవడం మేలా అన్నది అప్పుడు చూడవచ్చు.

ఈ నెల 20లోగా ఆ సంస్థకు జవాబు ఇవ్వాలన్నారు. తొందరపడి అవునని రాయకండి. వారానికి 29.5 గంటల పని అని ఒప్పందంలో ఉంది, ఉద్యోగుల ఆరోగ్య, పింఛను పథకాల ప్రస్తావన లేదు. 2024 అక్టోబరు నుంచి 50 మందికి పైగా బీమా ఉద్యోగులున్న సంస్థలు, నెలకు కనీసం 88 వేల యెన్ల జీతంతో వారానికి కనీసం 20 గంటలు పనిచేసేవారిని సాధారణంగా అందులో చేర్చాలి. చేరుస్తారా, ఆగస్టు కాక ఇంకా ఏ నెలల్లో జీతం తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు ఎవరిది, గది సంస్థే ఇస్తుందా, కన్సల్టెన్సీ తీసుకుంటున్న 3.5 లక్షల సంగతి వారికి తెలుసా అని నేరుగా సంస్థకే రాసి, లిఖితపూర్వకంగా సమాధానం అడగండి. ఆ ఉత్తరం వచ్చాక నాకు పంపితే లెక్క మళ్లీ కడదాం. ఈలోగా అమ్మగారి బంగారం లాకర్‌లోనే ఉంచండి, ప్రోనోటు మీద సంతకం చేయకండి.