తల్లి పాలివ్వని కుందేలు పిల్లలు

ప్రశ్న: మా కుందేలు ఈని మూడు రోజులైనా గూటి దరికి పోవడం లేదు. పిల్లలకు ఆవుపాలు పట్టవచ్చునా? – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: తొందరపడకండి. కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ తరచుగా తెల్లవారుజామున, కొద్ది నిమిషాలే పాలిస్తుంది కనుక, మీ కంటపడకపోవడం వింతేమీ కాదు. పొద్దున్నే పిల్లల పొట్టలు చూడండి. గుండ్రంగా బిగువుగా ఉంటే తల్లి వచ్చి వెళ్లినట్లే. చర్మం ముడతలు పడి, పొట్ట లోపలికి పోయి ఉంటే, బెంగళూరు చలికి చల్లబడిన పిల్లను ముందు వెచ్చబరిచి, ఆవుపాలకు బదులు పిల్లికూనల పాలపొడి కలిపిన పాలు గానీ మేకపాలు గానీ గోరువెచ్చగా, సూది తీసిన సిరంజితో చుక్కచుక్కగా పట్టండి. తొలివారంలో పూటకు సుమారు 2 మిల్లీలీటర్లు, రోజుకు రెండు పూటలు. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిటారుగానే పట్టుకోండి. ఆపైన తడిదూదితో పొత్తికడుపు కింద నిమిరితే గాని అవి మూత్రం పోయవు. చాలామంది మరిచేది ఇదే.