డల్లాస్ వెళ్ళేముందు వెయ్యాల్సిన లెక్క

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

అక్క ఫోన్ చేసి "వాడు డల్లాస్ పోతానంటున్నాడురా, టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ ట్యాక్స్ లేదట" అంది. ఉద్యోగం కోసమో, స్నేహితులంతా డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నారనో వెళ్తానంటే నేనేమీ అనను. ట్యాక్స్ కోసమే అయితే మాత్రం ఒక పూట కూర్చుని లెక్క వెయ్యి.

మనముండే నార్త్ కరోలినాలో ఒకప్పుడు ఆదాయాన్ని బట్టి 6, 7, 7.75 శాతం అని మూడు శ్లాబులుండేవి. 2014 నుంచి అందరికీ ఒకటే రేటు, 5.8 శాతం. అది దిగుతూ దిగుతూ 2025లో 4.25, 2026లో 3.99కి వచ్చింది. మీ ఇద్దరి జీతాలూ కలిపి లక్షా యాభై వేల డాలర్లు అనుకుందాం. పన్ను పడని భాగం, అదే స్టాండర్డ్ డిడక్షన్, 25,500 తీసేస్తే 2026కి నువ్వు ఇక్కడ కట్టేది దాదాపు 4,970. టెక్సాస్ వెళ్తే ఈ పద్దు కింద మిగిలేది అంతే. పదివేలు మిగులుతాయని అమ్మతో చెప్పావట, ఆ లెక్క ఎక్కణ్ణుంచి తెచ్చావో మరి!

రేటు తగ్గించిన ప్రభుత్వం ఊరుకోలేదులే. 2016 మార్చి నుంచి రిపేరు పనుల కూలీ మీద కూడా సేల్స్ ట్యాక్స్ పెట్టింది. మొన్న నా కారు బ్రేకులు మార్పించాను. పార్టుల మీదా, లేబర్ మీదా కలిపి 7.25 శాతం పడింది. మన ఇండియన్ షాపు రసీదు ఓసారి తీరిగ్గా చూడు. బియ్యం, కందిపప్పు మీద 2 శాతమే. సబ్బులు, కూల్ డ్రింకుల మీద 7.25. అక్కడే కౌంటర్లో వేడి సమోసాలు తీసుకుంటే మన వేక్ కౌంటీ వాళ్ళది ఇంకో శాతం అదనం. టెక్సాస్‌లో వంట సరుకుల మీద అసలు లేదు గానీ మిగతావాటి మీద చాలా ఊళ్ళలో 8.25. కారు కొంటే అక్కడ 6.25 శాతం, ఇక్కడ 3. కాకపోతే ఇక్కడ కారు మీద ఏటేటా ప్రాపర్టీ ట్యాక్స్ ఉంది, అక్కడ అది లేదు. ఇవన్నీ కూడితే పెద్ద తేడా రాదు, వీటి మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు.

అసలు సంగతి ఇంటి పన్ను. వేక్ కౌంటీలోని కేరీలో ఊరిదీ కౌంటీదీ కలిపినా ఇంటి విలువలో ఒక శాతం దాటదు. అక్కడ స్కూలు, సిటీ, కౌంటీ, కాలేజీ అని విడివిడిగా వేసి 1.7 దాకా తెస్తారు. కొత్త కాలనీల్లో మడ్ (MUD) అని నీళ్ళూ డ్రైనేజీ చూసే డిస్ట్రిక్ట్ పన్ను కూడా ఉంటే రెండు దాటొచ్చు. సొంతింట్లో ఉండేవాళ్ళకి హోమ్‌స్టెడ్ మినహాయింపు అని, స్కూలు పన్ను వేసేటప్పుడు ఇంటి విలువలో 1,40,000 తీసేస్తారు, నిజమే. అది తీసేసినా ఐదు లక్షల ఇంటికి ఆరున్నర, ఏడు వేల దగ్గర తేలుతుంది. ఇక్కడ నాలుగున్నర లోపే. అంటే ఆదా సగమైంది. ఏడెనిమిది లక్షల ఇల్లు కొన్నావా, ఆ సగంలోనూ చాలా భాగం పోతుంది. అక్కడి వడగళ్ళ పుణ్యమా అని ఇన్సూరెన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దెకుంటే మాత్రం నీకు లాభమే, కాదనను.

ఇంకో మాట. అమ్మేవాళ్ళు చూపించే పన్ను బిల్లు నమ్మకు. అక్కడ సొంతింట్లో ఉండేవాళ్ళకి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం కన్నా పెరగకూడదన్న నియమం ఉంది. ఇల్లు చేతులు మారితే ఆ మరుసటి ఏడాది నుంచి ఆ రక్షణ పోయి, మార్కెట్ విలువ మీద కొత్తగా వేస్తారు. అరవై ఐదు దాటిన పెద్దవాళ్ళ దగ్గర కొంటే తేడా మరీ ఎక్కువ, వాళ్ళకి వేరే మినహాయింపులు కూడా ఉంటాయి. కాబట్టి ఇళ్ళకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు సైట్లో ఆ ఇంటి మార్కెట్ విలువ చూసి, పన్ను ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్‌లో ఉంది. ఏ వైపో ముందే కనుక్కో.

వెళ్ళడమే ఖాయమైతే మధ్యలో మారిన ఏడాదికి ఇక్కడున్న నెలలకి పార్ట్ ఇయర్ రిటర్న్ వెయ్యాలి, మర్చిపోకు. చూసిన ఇళ్ళ అడ్రసులు నాకు వాట్సాప్‌లో పంపు, శనివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య