దారి తప్పిన జాతి పిల్లి దొరికితే పెంచేసుకోవచ్చా?

ప్రశ్న: ఆంటీ, మేం ఇంగ్లండ్ వచ్చి నాలుగు నెలలైంది. వారం రోజులుగా మా పెరట్లోకి నీలికళ్ల పిల్లి ఒకటి వస్తోంది. మెడలో పట్టీ లేదు. చూస్తే రాగ్‌డాల్ జాతిలా ఉంది. మా పాప దాన్ని వదలనంటోంది. పెంచుకోవచ్చా? ఇంకో సంగతి. మావారి ఫ్రెండ్ పిల్లిపిల్లను కొంటున్నారు. చిప్ మీరే వేయించుకోండి అన్నాడట బ్రీడర్, అదే పిల్లిపిల్లల్ని పుట్టించి అమ్మేవాడు. అది సరైనదేనా?

జవాబు: అప్పుడే పేరు పెట్టకండమ్మా. ముందు దగ్గర్లో ఉన్న వెట్‌కి, అంటే జంతువుల డాక్టరుకి, ఫోన్ చేసి, పిల్లిని తీసుకెళ్లి స్కాన్ చేయించండి. దాని చర్మం కింద చిప్ ఉంటే, అందులోని నంబరును బట్టి ఓనరు వివరాలు డేటాబేస్‌లో దొరుకుతాయి. స్కాన్‌కి మామూలుగా డబ్బు తీసుకోరు.

మన ఊళ్లలో పిల్లి ఏ ఒక్కరిదీ కాదు. గోడ దూకి వస్తుంది, పాలగిన్నె చూసుకుంటుంది, పోతుంది. ఇక్కడ పెంపుడు పిల్లులను కూడా బయట తిరగనిస్తారు. అవి నాలుగిళ్ల పెరళ్లు చుట్టి, ఆకలేసినప్పుడు తమ ఇంటికి పోతాయి. మీ పెరట్లో కనిపించినంత మాత్రాన అది తప్పిపోయినట్టు కాదు. ముద్దొచ్చింది కదా అని లోపలికి తెచ్చి తలుపేసుకోకండి. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో ఇంకొకరి పిల్లిని ఎత్తుకుపోవడం ప్రత్యేకంగా ఒక నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. మీ మనసులో అలాంటిది లేదని తెలుసు. వెట్ దగ్గరికి తీసుకెళ్తే మీ మీద ఏ మచ్చా ఉండదు.

ఆ పని ఆలస్యం చేసి నేను పడ్డ బాధ చెప్తాను. 2019 నవంబరులో వానలో తడిసి ఒక రాగ్‌డాల్ మా వెనక తలుపు దగ్గర కూర్చుంది. పొట్ట కింద బొచ్చంతా ఉండలు కట్టింది. ఎవరో వదిలేసి పోయారనుకున్నాం. పదకొండు రోజులు మా సోఫా మీదే పడుకుంది. పన్నెండో రోజు ఎదురింటావిడ గట్టిగా చెప్తే తీసుకెళ్లాను. నర్సు స్కానర్‌ని వీపు మీద నెమ్మదిగా తిప్పింది, ఏమీ లేదు. భుజం పక్కకు జరిపి, ముందు కాలి దాకా తెచ్చింది. అప్పుడు బీప్‌మని 15 అంకెలు వచ్చాయి. చిప్‌ని రెండు భుజాల మధ్య చర్మం కింద వేస్తారు కానీ ఒక్కోసారి కాస్త జారుతుంది. అందుకే ఒళ్లంతా చూడమని మీరూ అడగండి.

ఆ నంబరు ఓనరు పేరు మీద లేదు, బ్రీడర్ పేరు మీదే ఉంది. కొన్నాయన వివరాలు మార్చుకోలేదు. అప్పటికి పిల్లులకు చిప్ తప్పనిసరి కూడా కాదు. అయినా ఆ బ్రీడరమ్మ తన పిల్లిపిల్లలన్నిటికీ వేయించే అమ్మేది, ఎవరికి ఏది ఇచ్చిందో పుస్తకంలో రాసుకునేది. గంటలో ఆయన దొరికాడు. మాకు రెండు వీధుల అవతల, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న పెద్దాయన. ఆ పదకొండు రోజులూ సాయంత్రం పూట కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడట. మా వీధికి ఇంకా రాలేదు, అంతే. పిల్లిని గుండెలకు హత్తుకుని ఆయన కాసేపు మాట్లాడలేకపోయాడు. మొదటి రోజే వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. 2024 జూన్ 10 నుంచి ఇంగ్లండ్‌లో పెంపుడు పిల్లికి 20 వారాలు నిండకముందే చిప్ ఉండాలి. లేదని పట్టుబడితే 21 రోజులు గడువిస్తారు, అప్పటికీ వేయించకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. కానీ జాతి పిల్లిపిల్లలు మామూలుగా 12, 13 వారాలకే చేతులు మారతాయి. అంటే బ్రీడర్ చిప్ లేకుండా అమ్మినా చట్టం తప్పినట్టు కాదు, భారమంతా కొన్నవాళ్ల మీద పడుతుంది. కుక్కలకు అలా కాదు. 2016 నుంచే 8 వారాలకు చిప్ పడాలి, మొదటి పేరు బ్రీడర్‌దే అయి ఉండాలి. పిల్లులకూ అదే పద్ధతి రావాలని నేను గట్టిగా నమ్ముతాను. కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారాల్లోనే పిల్లిపిల్ల బెదిరి పారిపోయే ప్రమాదం ఎక్కువ. చిప్ లేనిది సరిగ్గా అప్పుడే.

పిల్ల చిన్నది, సూది పెద్దది అంటారు కొందరు బ్రీడర్లు. చిప్ బియ్యపుగింజంత ఉంటుంది, వేయడం క్షణంలో అయిపోతుంది, ఎలాగూ టీకాలకు వెట్ దగ్గరికి తీసుకెళ్తారు. ఖర్చు సుమారు 25 పౌండ్లు. వందల పౌండ్లకు అమ్మే పిల్లిపిల్ల మీద ఆ మాత్రం పెట్టని మనిషి మిగతా విషయాల్లో ఎలా ఉంటాడో అని నాకు టెన్షన్. చిప్ వేసి ఇస్తేనే తీసుకుంటానని బ్రీడర్‌తో చెప్పమని మీ ఫ్రెండ్‌కి చెప్పండి. తీసుకున్న రోజే డేటాబేస్‌లో తన పేరు, ఫోన్ నంబరు ఎక్కించుకోవాలి. ఇల్లు మారినా, సిమ్ మారినా మళ్లీ మార్చాలి. మనవాళ్లు ఏడాదికో అద్దె ఇల్లు మారతారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. చిప్‌లో జీపీఎస్ ఉండదు, బ్యాటరీ ఉండదు, అది ఒట్టి నంబరు. ఆ నంబరు వెనక పాత ఫోన్ ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక మీ పెరట్లోకి వచ్చే పిల్లికి చిప్ లేకపోతే మెడకు వదులుగా కాగితం పట్టీ కట్టండి, దాని మీద ‘ఈ పిల్లి మీదా? ఫోన్ చేయండి’ అని ఇంగ్లిష్‌లో రాసి మీ నంబరు పెట్టండి. కాగితమే ఎందుకంటే కొమ్మకు తగులుకుంటే చిరిగిపోతుంది. క్యాట్స్ ప్రొటెక్షన్ అనే సంస్థకు చెప్పండి, వీధి గ్రూపుల్లో ఫొటో పెట్టండి. జాతి పిల్లి కాబట్టి, మాదే అంటూ కానివాళ్లు కూడా రావచ్చు. ఒక గుర్తు, పాదం మీద మచ్చలాంటిది, బయటకు చెప్పకుండా దాచుకోండి. వచ్చినవాళ్లను ఆ గుర్తు, పాత ఫొటోలు, కాగితాలు అడగండి.

ఈలోగా పాలు పోయకండి, చాలా పిల్లులకు అరగవు. మన కూరలు అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి వాటికి విషం. షాపులో దొరికే పిల్లి తిండి కొంచెం, మంచినీళ్లు చాలు.

పాపను కూడా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. స్కానర్ మోగితే ఎవరో దీనికోసం వెతుకుతున్నారని తనకే అర్థమవుతుంది. మోగకపోతే, వెతికినా ఎవరూ రాకపోతే, మీరే పెంచుకోవచ్చా అని క్యాట్స్ ప్రొటెక్షన్ వాళ్లను అడుగుదాం. ఇవాళే వెళ్లి, ఏమైందో నాకు మెసేజ్ పెట్టు తల్లీ.