షాకప్‌లు మార్చే ముందు, అల్లుడూ

అల్లుడూ,

మిర్యాలగూడల మెకానిక్ నీ కారుకు నాలుగు షాకప్‌లు, నాలుగు స్ప్రింగులు ఒక్కసారే మార్చాలన్నడని రాసినవ్. జర ఆగు. బండి ఊగుతుందా, కిందికి కూసుంటుందా, మోత చేస్తుందా? అవి మూడూ వేరు వేరు. నడుము నొప్పికి మోకాలికి మందు రాసినట్టు కావద్దు.

బరువు మోసేది స్ప్రింగు. షాకప్ పని ఆ స్ప్రింగు ఊగుడును ఆపుడు, అంతే. స్పీడ్ బ్రేకర్ దాటినంక కూడ బండి రెండు మూడు సార్లు లేస్తూ పడుతుంటే షాకప్ అయిపోయినట్టు. బండి ఖాళీగున్నప్పుడు ఓ పక్కకు వంగినా, వెనుక ముగ్గురు కూసోంగనే కింద తగిలినా స్ప్రింగు చూడాలె. డిక్కీ ఖాళీ చేసి, సమంగున్న నేల మీద ఆపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాక టేపుతోని కొలువు. కుడి ఎడమల తేడా తెలుస్తది. గుంతల్ల టక్కుటక్కుమనేది మాత్రం చాలాసార్లు లింకు రాడ్డు, కీళ్లకాడి రబ్బరు బుష్షు, లేకుంటే పైన స్ట్రట్ మౌంటు, అంటే షాకప్ తలను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. అది తక్కువ ఖర్చులనే అయిపోతది.

బానెట్ నొక్కి వదిలే పరీక్షను నేను పెద్దగ నమ్మ. పూర్తిగ చచ్చినదాన్నే అది పట్టిస్తది. షాకప్ మీది రబ్బరు కవరు పైకెత్తి టార్చి వెయ్యి. సన్నగ తడిలెక్క ఉండి దుమ్ము అంటుకుంటే భయం లేదు. నూనె కిందిదాక కారి, దాని మీద మన్ను ముద్దలు కట్టినదంటే మాత్రం మార్చాలె. టైరు చుట్టూ అరచెయ్యితోని రాసి చూడు. ఎత్తుపల్లాలు తగిలితే షాకప్‌ను అనుమానించు, దాంతోపాటు అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు కూడ చూపియ్యి.

కొనేటప్పుడు జత కొను. ముందు రెండు, లేకుంటే వెనుక రెండు. ఒక్క పక్కదే మారిస్తే పాతదానికి, కొత్తదానికి పొంతన ఉండదు. ముందటి జత పోతే ముందటిదే మార్చు, నాలుగూ అక్కర్లేదు. గాబ్రియెల్, మన్రో, కేవైబీ, ఏదైనా పర్వాలేదు. నీ చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించు, బిల్లు తీసుకో. డీజిల్ ఇంజను బరువెక్కువ, పెట్రోలు బండి స్ప్రింగు దానికేస్తే ముందు భాగం దిగుతది. రీకండిషన్ షాకప్‌లొద్దు.

ఎత్తు పెరుగుతదని స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ముక్కలు ఇరికిస్తరు. నాకైతే మంట. ఆ చుట్టు పనిచెయ్యదు, మిగతా వాటి మీద భారం పడుతది. నాట్ల కాలంల ట్రాక్టర్ల ఇనుప కేజీవీల్స్ తిరిగి పాడైన ఊరి రోడ్డు మీద నీ బండికి మెత్తదనమే కావాలె, గట్టిదనం కాదు. గట్టి స్ప్రింగేస్తే దానికి తగ్గ షాకప్ కూడ కావాలె, లేకుంటే నార్కట్‌పల్లి రోడ్డు మీద స్పీడుల పోయేటప్పుడు బండి ఎగురుతది.

షాకప్‌తోపాటు స్ట్రట్ మౌంటు, బేరింగు, బంప్ స్టాప్ రబ్బరు (షాకప్ పూర్తిగ దిగినప్పుడు దెబ్బ ఆపేది), దుమ్ము కవరు కూడ కొత్తయి వేయించు. లేకుంటే అవి పోయినప్పుడు మళ్ల విప్పడానికి ఇదే కూలి ఇంకోసారి ఇయ్యాలె.

బిగించేకాడ దగ్గరుండు. స్ప్రింగును కంప్రెసరుతో రెండు పక్కలా బిగించినంకనే పై నట్టు విప్పాలె. తాడుతోని కట్టి విప్పేటోడైతే బండి తీసుకొని వచ్చెయ్యి, అది మనిషిని చంపుతది. షాకప్ మెరిసే రాడ్డును కటింగ్ ప్లేయరుతోని పట్టనియ్యకు, గీత పడితే సీలు కోసుకుపోయి వారం తిరక్కముందే కారుతది. నట్లు కొత్తయి వేయించు. కొత్త షాకప్‌ను నిలువుగ పట్టి నాలుగైదు సార్లు లాగి నొక్కించు, లోపలి గాలి పోతది. చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ బుష్షుల బోల్టులను చక్రాలు నేల మీద ఆనినంకనే గట్టిగ బిగించాలె, జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలి తిరిగి తొందరగ చిరుగుతది. అన్నీ అయినంక అలైన్‌మెంటు తప్పకుండ చేయించు.

విప్పిన పాత సామాను షాపులనే వదిలెయ్యకు. ఒక సంచిల వేసుకొని నల్గొండకు పట్టుకరా, ఏది నిజంగ పోయిందో చూసి చెప్త.

మామ